కోసిన మూడో రోజే తలెత్తే గడ్డి

ప్రశ్న: మాది జడ్చర్ల. ఇల్లు కట్టుకున్నాక ముందున్న 150 గజాల స్థలంలో పోయిన వానాకాలం కొరియన్ గడ్డి వేయించాం. కింద రెండు ట్రాక్టర్ల చెరువు మట్టి పోయించాం. ఏడాది బాగానే ఉంది. ఈ జూన్ వానలు పడ్డాక మధ్య మధ్యలో సన్నగా, మెరుస్తూ వేరే గడ్డి లేచింది. లాన్ కోసిన రెండు మూడు రోజులకే అది ఒక్కటే పైకి తలెత్తి నిలబడుతోంది. నెలకోసారి ఇద్దరు ఆడ కూలీలను పెట్టి పీకిస్తున్నాను, అయినా తగ్గడం లేదు. మా అత్తమ్మ అది గరిక, వినాయక చవితికి పనికొస్తుంది, పీకొద్దు అంటుంది. మందుల షాపులో అడిగితే గ్లైఫోసేట్ ఇచ్చారు. ఒక మూల కొట్టి చూస్తే కొరియన్ గడ్డి మాడిపోయింది, ఇది మాత్రం నెల తిరక్కుండా మళ్లీ మొలిచింది. ఉప్పు నీళ్లు పోస్తే పోతుందని పక్కింటివాళ్లు అంటున్నారు. పిల్లలు అక్కడే ఆడుకుంటారు, అందుకే మందు అంటే టెన్షన్. లాన్ మొత్తం తవ్వేసి మళ్లీ వేయించుకోవాలా?

సమాధానం:

అమ్మా, లాన్ తవ్వించకండి. ఉప్పు నీళ్లు అసలే పోయకండి. ఈ రెండూ ముందే చెప్తున్నాను, ఎందుకంటే ఈ జవాబు చదివేలోపు పార పట్టుకున్న కూలీ గేటు దగ్గరికి వచ్చి ఉంటాడేమోనని నా భయం.

మీరు ఫోటో పంపలేదు గానీ ఉత్తరంలో రెండు ఆనవాళ్లు ఇచ్చారు. ఒకటి చెరువు మట్టి. రెండోది కోసిన మూడో రోజే తలెత్తడం. ఈ రెండూ ఒకచోట కలిస్తే అది దాదాపుగా తుంగ. అయినా నా మాట మీద మందు కొనకండి. గరికకూ తుంగకూ మందు ఒకటి కాదు, లాన్‌కు దెబ్బ తగలకుండా ఒకదాన్నే గురిపెట్టి చంపేది రెండోదాన్ని ఏమీ చేయదు. ముందు అత్తమ్మ గారిని కూడా తీసుకుని లాన్‌లోకి వెళ్లండి.

ఒక మొక్కను నేలకు ఆనించి తెంపి, కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించండి. పూత కాడ దొరికితే ఇంకా మంచిది. గరిక కాడ గుండ్రంగా ఉంటుంది, వేళ్ల మధ్య జారుతూ తిరుగుతుంది. తుంగ కాడకు మూడు అంచులుంటాయి, తిప్పుతుంటే వేళ్లకు తగులుతాయి. గరిక కాడకు చెరకు గడలాగా కణుపులుంటాయి, నేల మీద పాకుతూ పోతుంటే కణుపు కణుపుకూ వేరు దిగుతుంది. తుంగ కాడకు కణుపు ఉండదు. ఆకులు మొదట్లోంచే మూడు వైపులకు విచ్చుకుంటాయి, పైనుంచి చూస్తే మూడు మూలలు కనిపిస్తాయి. ఆకు నున్నగా మెరుస్తుంది, నడుమ గాడి పడినట్టు ఉంటుంది. ముదిరిన మొక్కకు కాడ చివర గొడుగు ఊచల్లా విడిపోయిన చిన్న పూత వస్తుంది. దాని రంగు తుప్పుకూ వంకాయ రంగుకూ మధ్యలో ఉంటుంది.

ఇంత చూసినా అనుమానం ఉంటే, నీళ్లు పెట్టిన మర్నాడు ఖుర్పీతో ఒక మొక్కను జానెడు లోతు నుంచి మట్టితో సహా పెళ్లగించండి. మొక్క మొదట్లో చిన్న ఉబ్బు ఉంటుంది. అక్కడి నుంచి సన్నటి దారం లాంటి వేరు పక్కకు పోతుంది. ఆ దారానికి చింతగింజంత నుంచి రేగుపండంత దాకా నల్లటి గడ్డ తగులుతుంది. అక్కడితో ఆగదు, ఆ గడ్డ నుంచి ఇంకో దారం, ఇంకో గడ్డ, పూసల దండలాగా సాగుతుంది. ఒక గడ్డను గోరుతో గిల్లితే లోపల తెల్లగా ఉంటుంది, ఘాటైన వాసన వస్తుంది. ఆ వాసన అత్తమ్మ గారికి వెంటనే గుర్తొస్తుంది. సున్నిపిండిలో వేసే తుంగముస్తలు ఇవే మరి.

గడ్డ లేకుండా వేరుతో సహా తేలిగ్గా ఊడి వస్తే అది వేరే రకం. తుంగ జాతిలోనే గడ్డలు లేనివీ ఉన్నాయి, వరి మళ్లలో ఎక్కువ కనిపిస్తాయి. వాటికి రెండుసార్లు కలుపు తీస్తే చాలు, ఈ జవాబులో మిగతా సగం మీకు అక్కర్లేదు. చెరువు గట్టున నిలువెత్తు పెరిగే తుంగ కూడా ఇది కాదు, చాపలల్లేది ఆ పొడుగు రకంతో. తుంగతుర్తి అన్న ఊరి పేరు వింటే మాత్రం నాకు ఎప్పుడూ ఈ పొట్టి తుంగే గుర్తొస్తుంది, దీనితో పడిన తిప్పలు అలాంటివి.

ఆ తిప్పలు కూడా చెప్తాను, ఎందుకంటే మీరు లాన్ తవ్వాలా అని అడిగింది ఆ తప్పు గురించే. నల్గొండలో మా ఇంటి వెనక మంచమంత మేర తుంగ ఉండేది. పీకీ పీకీ విసుగొచ్చి, పొలంలో పనికి వచ్చిన పవర్ టిల్లర్‌ను అటు తిప్పించి నేలను పిండి పిండి చేయించాను. నాలుగు రోజులు ఎర్ర చెల్క దువ్వినట్టు కనబడింది, చూసుకుని మురిసిపోయాను. ఇరవై రోజులకు పెరడు సగం పచ్చబడింది. అదంతా తుంగే.

జరిగింది ఏమిటంటే, దండలో ఉన్నంతసేపు గడ్డలన్నీ ఒకేసారి మొలవవు. చివరి గడ్డ మొలిచి నిలబడితే వెనకవి నిద్రలో ఉంటాయి, పైవాడు పోతే తమ వంతు కోసం చూస్తుంటాయి. టిల్లర్ ఆ దండను తెంపింది. తెగిన ప్రతి గడ్డా ఇక తనదే పెత్తనం అనుకుని మొలిచింది. పైగా టిల్లర్ పళ్లు వాటిని పెరడంతా పంచిపెట్టాయి. మీరు లాన్ తవ్విస్తే జరిగేదీ ఇదే. తవ్విన మట్టిని జల్లెడ పట్టి గడ్డలన్నీ ఏరగలిగితే తప్ప, డబ్బులిచ్చి తుంగ నాటించుకున్నట్టే. కొత్త మట్టి తెప్పించినా దాంట్లో గడ్డలుంటే మళ్లీ మొదటికి వస్తారు.

ఇక కూలీల సంగతి. పీకడం తప్పు కాదమ్మా, నెలకోసారి పీకించడం తప్పు. తుంగ మొలక పైకి వచ్చినప్పుడు అది తల్లి గడ్డలోని పిండి తిని బతుకుతుంటుంది. నాలుగైదు ఆకులు వచ్చాక ఎండతో తన తిండి తాను చేసుకుంటుంది, మిగిలింది కిందికి పంపి కొత్త గడ్డలు కడుతుంది. మొలిచిన మూడు నాలుగు వారాలకే ఈ గడ్డ కట్టడం మొదలవుతుంది. మీ కూలీలు నెలకు వస్తున్నారు. అంటే అది తిని, దాచుకుని, పిల్లల్ని కిందికి దించాక వస్తున్నారు. వాళ్ల చేతికి వచ్చేది ఆకు ఒక్కటే. దండలోంచి మళ్లీ మొలక, మళ్లీ నెల గడువు, మళ్లీ కొత్త గడ్డలు. ఇలా ఒక్క గడ్డ ఒక్క సీజన్‌లో వంద దాటించినా వింత కాదు. ప్రపంచంలో అన్ని కలుపుల్లోకీ చెడ్డది ఏదని 1970లలో కలుపు శాస్త్రవేత్తలు జాబితా వేస్తే తుంగకే మొదటి స్థానం ఇచ్చారు. దీనితో ఓడిపోయానని మీరు చిన్నబుచ్చుకోవాల్సిన పని లేదు.

అదే పీకుడు పది పన్నెండు రోజులకోసారి చేస్తే లెక్క తిరగబడుతుంది. ప్రతి మొలకకూ తల్లి గడ్డ తన నిల్వలోంచి ఇవ్వాల్సిందే, తిరిగి వచ్చేది మాత్రం ఉండదు. ఒక గడ్డకు మొలకెత్తే కళ్లు చాలానే ఉంటాయి, అన్నీ ఖర్చయ్యేదాకా మళ్లీ మళ్లీ మొలుస్తుంది. కానీ ప్రతిసారీ ముందుకన్నా సన్నగా, పాలిపోయి వస్తుంది. అది చూస్తే మీకే ధైర్యం వస్తుంది. దీనికి కూలీలు అక్కర్లేదు. పొద్దున టీ తాగుతూ ఒక వరుస, సాయంత్రం పిల్లల్ని ఆడిస్తూ ఒక వరుస చూస్తే చాలు. నేల తడిగా ఉన్నప్పుడే పీకండి. ఊరికే ఆకు పట్టి లాగకుండా, సన్నటి ఇనుప చువ్వ గానీ పాత స్క్రూడ్రైవర్ గానీ మొక్క పక్కన గుచ్చి మట్టిని వదులు చేసి, మొదలు ఉబ్బుతో సహా తీయండి. చిన్న గడ్డ తగిలి వస్తే ఆ రోజు లాభం. తీసినవి పెంటకుప్పలో వేయకండి. బండ మీదో డాబా మీదో పలచగా పరిచి బాగా ఎండనివ్వండి. గడ్డలో తడి ఆరిపోతే అది చస్తుంది. వానలో తడిస్తే మళ్లీ లేస్తుంది, ఇది వానాకాలం కాబట్టి ఎండబెట్టడం కుదరకపోతే కాల్చేయండి.

మీ 150 గజాల్లో తుంగ అక్కడక్కడా, వేలితో లెక్కపెట్టగలిగినంతే ఉంటే ఇక్కడితో సరిపెట్టుకోమంటాను. మందు వద్దు. ఉత్తరాన్ని బట్టి చూస్తే మాత్రం అంతకు మించే ఉన్నట్టుంది. కాబట్టి మందు గురించి కూడా వివరంగానే చెప్పాలి.

షాపులో మీకు ఇచ్చిన గ్లైఫోసేట్ పచ్చగా ఉన్న దేన్నీ వదలదు. కొరియన్ గడ్డి, తుంగ, గులాబీ దానికి ఒకటే. మొలిచి ఉన్న తుంగ గడ్డలోకి దిగి దాన్ని చంపుతుంది, అది నిజమే. కానీ నిద్రలో ఉన్న గడ్డలకు ఆకు లేదు, ఆకు లేనిదే మందు లోపలికి పోయే దారి లేదు. అందుకే పైన ఉన్నవి చచ్చాయి, కొరియన్ గడ్డి చచ్చింది, నెలకు కింది గడ్డలు ఖాళీ స్థలంలో హాయిగా లేచాయి. పైగా గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేత తప్ప వేరెవరూ వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ఇంటి లాన్‌కు దాన్ని చేతిలో పెట్టిన షాపులో ఇంకో మందు అడగకపోవడమే మంచిది.

కొన్నిచోట్ల గడ్డి మందు అంటే పారాక్వాట్ ఇస్తారు. రెండు రోజుల్లో ఆకు మాడిపోయి భలే పనిచేసిందనిపిస్తుంది. అది ఆకును కాలుస్తుంది తప్ప గడ్డ దాకా పోదు. అన్నిటికన్నా ముఖ్యం, పొరపాటున నాలుగు చుక్కలు లోపలికి పోతే దానికి విరుగుడు లేదు. పిల్లలున్న ఇంట్లోకి ఆ సీసా రానివ్వకండి. ఇక 2,4-డి అని ఇంకొకటి ఉంది. తుంగ ఆకును వంచుతుంది గానీ గడ్డకు పెద్దగా నష్టం ఉండదు. మీ చుట్టుపక్కల పత్తి చేన్లుంటే దాని జోలికే పోవద్దు. గాలికి కొట్టుకుపోయిన తుంపర తగిలినా పత్తి ఆకు ముడుచుకుపోతుంది, తర్వాత పక్క రైతుతో పంచాయితీ.

తుంగ మీద గురిపెట్టి పనిచేసేది హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం గుళిక మందు. సెంప్రా అన్న పేరుతో 36 గ్రాముల ప్యాకెట్ దొరుకుతుంది, అది ఎకరానికి. పేరు ఏదైనా, ప్యాకెట్ మీద ఈ రసాయనం పేరు చదివి, బిల్లు తీసుకుని కొనండి. ఇది ఆకులోంచి గడ్డలోకి దిగి, మొక్క తనకు కావలసిన కొన్ని అమైనో ఆమ్లాలు తయారు చేసుకోకుండా ఆపేస్తుంది. ఎదుగుదల అక్కడికక్కడే ఆగిపోతుంది. కొరియన్ గడ్డీ, గరిక జాతి లాన్‌లూ దీన్ని తట్టుకుంటాయి. మన దగ్గర ఆ ప్యాకెట్ మీద రాసి ఉండేది చెరకు, మొక్కజొన్న పంటల గురించి, లాన్ గురించి కాదు. కాబట్టి మొదట మంచమంత మేర కొట్టి పది పదిహేను రోజులు చూడండి. కొరియన్ గడ్డికి ఏమీ కాలేదని కంటితో చూశాకే మిగతాది కొట్టండి. నాకు ఎంత అనుభవం ఉన్నా మీ లాన్ మీద ఈ పరీక్ష మీరు చేయాల్సిందే.

అసలు చిక్కు తూకంలో ఉంది. ఎకరానికి 36 గ్రాములంటే ఎకరంలో నలభయ్యో వంతైన గుంటకు గ్రాము కూడా రాదు. నగలు తూచే చిన్న డిజిటల్ కాటా ఉంటే తూచండి, 150 గజాలకు 1.1 గ్రాములు. కాటా లేకపోతే ఒక ఉపాయం. గాలి లేని చోట, చేతికి గ్లౌజులు వేసుకుని, పేపరు మీద ప్యాకెట్ మొత్తం పోసి రెండు సమాన భాగాలు చేయండి. ఒక భాగాన్ని మళ్లీ సగం, దాన్ని మళ్లీ సగం. ఇలా అయిదుసార్లు సగం చేస్తే చేతిలో మిగిలేది ఎకరంలో ముప్పై రెండో వంతుకు సరిపడే మందు. ఎకరం 4,840 గజాలు, అందులో ముప్పై రెండో వంతు 151 గజాలు. మీ లాన్‌కు సరిగ్గా సరిపోయింది. పరీక్షకు కొట్టే మంచమంత చోటుకు కూడా ఇంతే మందు కలిపి, దాని వంతు మాత్రమే కొట్టి మిగిలింది వృథా చేయడమే మంచిది, రవ్వంత మందును ఇంకా చీల్చబోతే లెక్క తప్పుతుంది. మిగిలిన నీళ్లు మోరీలో పోయకండి, మొక్కలు లేని ఎండు నేల మీద పలచగా చల్లేయండి. మిగతా పొడిని అదే ప్యాకెట్‌లో మడిచి, ఇంకో డబ్బాలో పెట్టి, పిల్లలకు అందని చోట తాళం వేయండి. వంటింటి చెంచా, వంటింటి కాటా దీనికి వాడకూడదని వేరే చెప్పక్కర్లేదు.

కొట్టేటప్పుడు అయిదారు లీటర్ల నీళ్లలో కలపండి, ఆకుకు మందు అంటుకునేందుకు షాపులో దొరికే స్ప్రెడర్ కొద్దిగా వేయండి. తుంగ ఆకు నున్నటిది, అది లేకపోతే చుక్క జారి నేల పాలవుతుంది. మొక్కకు మూడు నాలుగు ఆకులున్నప్పుడు కొట్టండి. అందుకోసం ముందు రెండు రోజులు, తర్వాత రెండు మూడు రోజులు లాన్ కోయవద్దు. కోసిన వెంటనే కొడితే మందు పీల్చడానికి ఆకే ఉండదు. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు, శుభ్రంగా కోసి, ఊడ్చి, ఆ తర్వాత పంపు ఎత్తుకుంటారు. ఆ వారం పీకడం కూడా ఆపండి. నేలలో తడి ఉండాలి, ఆకు మీద తడి ఉండకూడదు. కొట్టాక నాలుగైదు గంటలు వాన పడకూడదు, శ్రావణంలో ఆ గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు గానీ ఆకాశం చూసి పొద్దున్నే మొదలుపెట్టండి. గాలి లేనప్పుడు, నాజిల్ నేలకు దగ్గరగా పట్టుకుని కొట్టండి. బంతి, గులాబీ, కూరగాయ పాదులు పక్కనే ఉంటే పాత పరదాతో కప్పండి.

తర్వాత మూడు రోజులకే పోయి చూసి ఇదీ పనికిరాలేదని అనుకోవద్దు. వారం పది రోజులకు ఆకు పసుపు తిరుగుతుంది, పూర్తిగా చావడానికి మూడు వారాల దాకా పడుతుంది. నెలన్నరకు నిద్రలేచిన కొత్త మొలకల మీద రెండోసారి కొట్టాలి. ఆ రెండోది మానేస్తే మొదటిది సగం దండగ. ఆ తర్వాత మిగిలినవి చేత్తో పది రోజులకోసారి తీయండి.

పిల్లల గురించి అడిగారు. మందు ఆరితే చాలంటారు, నేను మాత్రం రెండు రోజులు గేటు వేసి ఉంచమంటాను. పసిపిల్లలు గడ్డి నోట్లో పెట్టుకుంటారు కదా. ఆ తర్వాత మొదటి రెండు కోతల గడ్డి బర్రెకు గానీ మేకకు గానీ వేయకండి, పక్కింటివాళ్లు అడిగినా ఇవ్వకండి.

మాడిపోయిన మూలను ఇప్పుడే పూడ్చవద్దు, అది మీకు కలిసొచ్చింది. గ్లైఫోసేట్ నేలలో మట్టికి పట్టుకుపోతుంది, తర్వాత వేసే గడ్డికి దాని భయం ఉండదు. కానీ అక్కడ కింద గడ్డలున్నాయి. ఈ వానాకాలం, చలికాలం అక్కడ మొలిచినవి మొలిచినట్టు తీస్తూ ఉండండి. వచ్చే ఏప్రిల్ నెలాఖరులో నేలను తవ్వి, గడ్డలు ఏరి, మట్టిని వారం పది రోజులు ఎండకు తిరగేయండి. తర్వాత చదును చేసి, బాగా తడిపి, పలచటి తెల్ల పాలిథిన్ షీటు పరిచి, అంచులను మట్టితో కప్పేయండి. మే నెలంతా, జూన్ తొలి వారం దాకా కదపొద్దు. పాలమూరు ఎండను మనం తిట్టుకోవడమే గానీ వాడుకోవడం తక్కువ. షీటు కింద పైమట్టి ఉడికినంత పనవుతుంది. పై నాలుగు వేళ్ల లోతులో ఉన్న గడ్డలు చాలావరకు పోతాయి, లోతువి కొన్ని మిగులుతాయి, అవి చేత్తో తీసుకోవచ్చు.

షీటు తెల్లదే కావాలి, లోపలికి చూస్తే కనబడేలాంటిది. నల్లది వద్దు. నల్ల షీటు కింద చీకటి కాబట్టి తుంగ మొలక సూదిలా మొన తేలి నేరుగా పైకి వచ్చి షీటును పొడుచుకుని బయటపడుతుంది. నమ్మకపోతే మిర్చి తోటల్లో మల్చింగ్ షీటు చూడండి, చిల్లులు పడి ఉంటాయి. తెల్ల షీటు కింద వెలుగు తగలగానే ఆకు విచ్చుకుంటుంది, విచ్చుకున్నది పొడవలేదు, అక్కడే ఉడికిపోతుంది. ఎవరైనా నల్ల కవరు కప్పితే అన్నీ చస్తాయని చెప్తే, వేరే కలుపు విషయంలో వాళ్ల మాట సరైనదే.

ఉప్పు గురించి ఒక్క మాట. తుంగ చావడానికి ఎంత ఉప్పు కావాలో అంత పోస్తే కొరియన్ గడ్డి ముందే పోతుంది. ఆ ఉప్పు నేలలోనే ఉంటుంది. మన బోరు నీళ్లు అసలే గట్టివి, దానికి ఇది కూడా తోడయితే తర్వాత అక్కడ తులసి కూడా బతకదు.

మళ్లీ రాకుండా ఉండాలంటే తుంగకు ఏం ఇష్టమో చూడాలి. ఎండా, తడీ దానికి ఇష్టం. నీడ పడదు. కొరియన్ గడ్డి దట్టంగా కమ్ముకుంటే కింద మొలకకు వెలుగు అందదు, కాబట్టి మరీ నేలబారుగా కోయించకండి. అంగుళంన్నర ఎత్తు ఉంచండి. తుంగను కోతతో లొంగదీయాలని మెషిన్‌ను కిందికి దించితే బలహీనపడేది మీ గడ్డే. రోజూ సాయంత్రం పైపు పట్టుకుని పైపైన తడపడం మానేసి, వానలు లేని రోజుల్లో వారానికి రెండుసార్లు జానెడు లోతు దిగేలా పెట్టండి. నీళ్లు నిలిచే గుంటలుంటే ఇసుక, జల్లెడ పట్టిన మట్టి కలిపి పూడ్చండి. తుంగ ఎక్కువగా మొలిచేది ఆ గుంటల్లోనే, ఒకసారి లాన్‌లో తిరిగి చూడండి.

మీ లాన్‌లోకి ఈ గడ్డలు వచ్చింది బహుశా చెరువు మట్టితోనే, అయినా దాన్ని నేను తిట్టను. పూడిక మట్టి చెల్క నేలకు బలం, పొలానికి తోలుకోవాల్సిందే. పొలంలో ఏటా దున్నుతారు, కలుపు తీస్తారు, పంట మారుస్తారు. లాన్ అలా కాదు, ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి కదపం, గడ్డకు అంతకన్నా సుఖమైన చోటు ఉండదు. ఇంకోసారి మట్టి తెప్పించుకుంటే వేసవిలోనే తెప్పించి, పలచగా పరిచి, రెండు తడులు పెట్టి మొలిచినదాన్ని చూసుకుని, ఏరుకున్నాక గడ్డి వేయించండి. నర్సరీ నుంచి తెచ్చే గడ్డి పలకల కింద కూడా ఒకసారి తిప్పి చూడండి, అక్కడా దండలు వేలాడుతుంటాయి.

అచ్చంపేట వైపు వెళ్తే అడవి పందులు ముట్టెతో నేల తవ్వి ఈ గడ్డలనే తింటుంటాయి. పచారీ కొట్లో ఇవే ఎండబెట్టి తూచి అమ్ముతారు. జొన్న చేనులో గునుగును కలుపని పీకేసిన వాళ్లమే బతుకమ్మ వస్తే దాని కోసం గట్లెంబడి తిరుగుతాం, ఇదీ అంతే. అందుకని మీరు తీసిన తుంగ గడ్డలు సున్నిపిండికి పనికొస్తాయి కదా అని అత్తమ్మ గారు దాచిపెట్టే ప్రమాదం ఉంది. గ్లైఫోసేట్ కొట్టిన మూలవీ, ఇప్పుడు మందు కొట్టబోయేవీ ఒంటికి రాసుకోవడానికి పనికిరావు.

మందు సంగతి కళ్లారా చూసి మాట్లాడాలనుకుంటే మీకు దగ్గర్లోనే పాలెం ఉంది. వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రం, కృషి విజ్ఞాన కేంద్రం రెండూ అక్కడే. నల్గొండ వైపు పాఠకులకు కంపాసాగర్‌లోని, సూర్యాపేట వాళ్లకు గడ్డిపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రం దగ్గర. ఒక మొక్కను గడ్డతో సహా కవరులో వేసుకుని వెళ్లండి, ఫోన్లో వర్ణించే కన్నా అది నయం.

గడువు సంగతి కూడా చెప్పాలి కదా. ఈ వానాకాలం రెండు స్ప్రేలు, మధ్య మధ్యలో చేతి పని. వచ్చే వానాకాలానికి మూడో వంతు కనిపిస్తే బాగా చేసినట్టు. ఆ పైఏడు ఒకటీ అరా. నేలలో నిద్రపోయే గడ్డలు ఏళ్ల తరబడి బతుకుతాయి కాబట్టి అంతకన్నా తొందరగా పోతుందని ఎవరు చెప్పినా వాళ్ల దగ్గర అమ్మడానికి ఏదో ఉందని అనుకోండి.

చివరగా అత్తమ్మ గారి గరిక. కాడ దొర్లించి చూశాక అది తుంగ అని ఆవిడే ఒప్పుకుంటారు. ఆవిడ మాటలో నిజం లేకపోలేదు, మీ లాన్ అంచుల్లో అసలు గరిక కూడా ఉండే ఉంటుంది, అది ఈ మందుకు చావదు. అయితే మందు కొట్టిన లాన్‌లోంచి ఈసారి చవితికి గరిక కోయకండి. పిల్లలు ఆ పత్రితోనే ఆడతారు, చేతులు నోట్లో పెట్టుకుంటారు. ఊరి బయట ఏ పొలం గట్టు మీదైనా ఒక గుప్పెడు కోసుకు రమ్మనండి, అది కూడా ఆ గట్టు మీద ఎవరూ గడ్డి మందు కొట్టలేదని రైతును అడిగాకే.